ఘాటు తెలియని ముక్కులు

మధ్యాహ్నం రెండు దాటింది. మబ్బు పట్టింది కానీ కురవడం లేదు, ఉక్కకి చొక్కా వీపుకి అంటుకుపోయింది. పొద్దున తాగిన టీ తప్ప కడుపులో ఏమీ లేదు. గుంటూరు మిరప యార్డులో హమాలీలం లారీ కోసం కూర్చున్నాం. ఈ వేళకి నా భార్య సిద్దికా క్యారేజీ పట్టుకుని గేటు దగ్గరికి వచ్చేది.

"రండి నవాబుగారూ, వడ్డించమంటారా?" అనేది.

"ఒరేయ్ బుడానూ, వెళ్లరా, సింహాసనం వేసింది," అని మా మేస్త్రీ చెంచురామయ్య ఎగతాళి చేసేవాడు.

సిద్దికాది ఒంగోలు దగ్గర కొత్తపట్నం. సముద్రం పక్కన పుట్టిన మనిషి. పెళ్లయి మా ఇంట్లో అడుగుపెట్టిన రోజు తుమ్మి తుమ్మి కళ్లు వాచాయి. మా అమ్మ ఖాదర్‌బీ నవ్వింది. "నెల తిరిగేసరికి నీ ముక్కు కూడా చస్తుంది లేవే. మాకందరికీ చచ్చిందిగా," అంది.

అమ్మ అన్నది నిజమే. మాది ఒకటే గది. వ్యాపారి పంపిన మిరప బస్తాలు గోడవారన పేర్చుకుని, అమ్మా సిద్దికా అక్కడే కూర్చుని తొడిమలు తీసేవాళ్లు. అక్కడే వంట, అక్కడే పడక. తేమ తగిలితే కాయ రంగు పోతుందని కిటికీ తెరవం. కొన్నాళ్లకి సిద్దికాకి కూడా ఘాటు తెలియకుండా పోయింది. మా వీధిలో ఆమె అంత చురుగ్గా తొడిమ తీసేవాళ్లు లేరు. పని అయ్యాక చేతులకి మజ్జిగ రుద్దుకుని, మంట తగ్గాకే మా పాప ఫర్హానాని ఎత్తుకునేది.

ఫర్హానాకి ఆరేళ్లు. పడుకుంటే గొంతులో పిల్లికూతలు. ఈ ఏడు చలికాలంలో మరీ ఎక్కువైంది. పెద్దాసుపత్రికి తీసుకెళ్తే డాక్టరమ్మ పాప జుట్టు వాసన చూసింది.

"ఇంట్లో మిరపకాయలున్నాయా?"

"మా ఇంట్లోనే కాదండీ, వీధి మొత్తం ఉన్నాయి," అన్నాను.

"మందులు రాస్తాను. కానీ ఆ ఇంట్లో గాలి మారకపోతే ఈ పాప ఊపిరికి నేను పూచీ ఇవ్వలేను."

ఆ మాట నేను ఆసుపత్రి గేటు దగ్గరే వదిలేశాను. సిద్దికా ఇంటికి తెచ్చుకుంది. మర్నాడే బస్తాలన్నీ ఒక్కతే ఈడ్చి అరుగు మీద పెట్టి పట్టా కప్పింది. తొడిమలు కూడా అక్కడే తీసింది. మేకులు ఊడబీకి కిటికీ తెరిచింది. చీపురు పట్టుకుంటే దుమ్ము లేస్తుందని తడిగుడ్డతో నేల తుడిచింది. దోమల చుట్ట బయట పారేసి పాపకి దోమతెర కట్టింది. అమ్మ సాంబ్రాణి వెలిగించబోతే చేతిలోంచి లాక్కుంది.

"ఏరా, నీ పెళ్లాం కలెక్టరయింది చూశావా?" అంది అమ్మ.

"కలెక్టరునైతే నిన్ను ముందు అరుగు మీదకి బదిలీ చేసేదాన్ని అత్తా," అంది సిద్దికా.

పదిహేను రోజులు పాప దగ్గు లేకుండా పడుకుంది. ఎన్నాళ్లకో సిద్దికా కూడా కంటినిండా నిద్రపోయింది.

మార్చిలో ఒక మధ్యాహ్నం, కాలం కాని కాలంలో వాన పడింది. యార్డులో పని ఆగిపోతే ఇంటికొచ్చాను. సిద్దికా పాప మందుల కోసం ఆసుపత్రికి వెళ్లింది. పట్టా చిరిగి కాయ తడుస్తోంది. తడిసిన సరుకు అప్పగిస్తే మళ్లీ బస్తా ఇవ్వరు. నేనే బస్తాలన్నీ లోపలికి మోశాను. కిటికీ మూశాను. కాసేపటికి పాపకి దగ్గు మొదలైంది.

"పదిహేను రోజుల్లో తేరుకుంది కదా, ఎవరి కళ్లో పడ్డాయిరా," అంది అమ్మ. కుంపటి వెలిగించి, ఉప్పూ ఎండుమిరపకాయలూ పిల్ల చుట్టూ మూడుసార్లు తిప్పి నిప్పుల్లో వేసింది. ఘాటు వస్తే దిష్టి లేనట్టు, రాకపోతే ఉన్నట్టు. ఇద్దరం ముక్కులు ఎగబీల్చి చూశాం. నాకేమీ తెలియలేదు. అమ్మకీ తెలియలేదు.

"చూశావా, కమురు వాసనైనా లేదు. ఎంత దిష్టిరా నాయనా! ఇంకో గుప్పెడు వేస్తాను. తలుపెయ్యి, పొగ పిల్లకి తగలాలి."

వేశాను. నా చేత్తోనే తలుపేసి గడియ పెట్టాను. పాప దగ్గుతూ దగ్గుతూ ఆగిపోతే దిష్టి దిగిందనుకున్నాను. దగ్గరికి వెళ్లి చూస్తే పెదాలు నేరేడుపండు రంగులో ఉన్నాయి.

పాపని ఎత్తుకుని వానలో పరుగెత్తాను. ఆసుపత్రి మెట్ల మీద మందుల సంచీతో సిద్దికా ఎదురైంది. నా చొక్కాకి అంటిన పొగకి పక్కన ముసలాయన దగ్గుతూ దూరం జరిగాడు. మా ఇద్దరికీ మాత్రం ఏ వాసనా తెలియలేదు.

నాలుగు రోజులు పాప ముక్కుకి గొట్టం పెట్టి గాలి పట్టారు. బతికింది. మూడో రోజు వరండాలో సిద్దికా నన్ను ఒకే ఒక్క ప్రశ్న అడిగింది.

"తలుపు ఎవరు వేశారు?"

అమ్మ పేరు చెప్పొచ్చు. నోరు రాలేదు. "నేనే," అన్నాను.

తల ఊపింది. ఆ తర్వాత నాతో మాట్లాడలేదు.

ఆసుపత్రి నుంచి పాపని ఇంటికి పంపించిన రోజు శుక్రవారం. గేటు బయట ఆటో మాట్లాడి, బట్టల సంచీ అందులో పెట్టాను. "ఎక్కు సిద్దికా, ఇంట్లో బస్తాలన్నీ తీయించేశాను. ఒట్టు, ఒక్క కాయ కూడా లేదు," అన్నాను. ఆమె సంచీ బయటికి తీసి భుజానికి తగిలించుకుంది. పాపని చంకనెత్తుకుంది. రోడ్డు దాటి, ఒంగోలు బస్సు ఎక్కి వెళ్లిపోయింది.