చొక్కా జేబులో వంటింటి ఫ్యూజు

ఆదివారం తెల్లవారిందంటే మా ఆయన పళ్ళు తోముకోకముందే చేసే పని ఒకటుండేది. స్టూలెక్కి, మెయిన్ బోర్డులోంచి వంటింటి ఫ్యూజు పీకి చొక్కా జేబులో వేసుకునేవారు. తెల్ల పింగాణీ ఫ్యూజు, ఆ బరువుకి జేబు ఒక పక్కకి వేలాడేది. ఇక మధ్యాహ్నం దాకా మా వంటింట్లో మిక్సీ లేదు, ఫ్రిజ్జు లేదు.

దీనికంతటికీ కారణం రేడియో. పాటలు వినేది కాదు. పరీక్ష రాసి, సర్కారు లైసెన్సు తెచ్చుకుని, అలాంటి లైసెన్సే ఉన్న ఇంకొకరితో ఇంట్లోంచే మాట్లాడుకునే రేడియో. ఆయనకూ, హెబ్బగోడిలో ఉండే మా మరిదికీ పెళ్ళిళ్ళు కాకముందు నుంచే ఆ పిచ్చి. బెంగళూరులో మేం యశవంతపురం వైపు, వాళ్ళు ఊరికి ఆ కొస. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో రెండిళ్ళకీ కంప్యూటర్లు వచ్చాక పిచ్చి ముదిరింది. కంప్యూటరుని రేడియోకి తగిలిస్తే, చెవికి అందనంత సన్నటి సిగ్నలు కూడా తెర మీద కంటికి అందుతుందట. అదీ కింది బ్యాండులో. కింది బ్యాండంటే అల పొడుగు, అందుకని రేడియోకి కట్టే తీగా పొడుగే. మా డాబా మీద బయలుదేరిన తీగ వెనకింటి వాళ్ళ కొబ్బరిచెట్టు దాకా పోయేది. ఆ బ్యాండులో ఇంట్లోని ప్రతి కరెంటు సామానూ గరగరమని గోల చేస్తుంది. అందుకే నా ఫ్యూజు ఆయన జేబులోకి పోయింది.

అక్షరాలు పంపే పద్ధతులు మూడు. మొదటిది పీఎస్‌కే, మా ఆయనకి ప్రాణం. అక్కడ టైపు చేస్తే ఇక్కడ తెర మీద చకచకా అచ్చవుతుంది. సిగ్నలు పలచబడిందో, పిచ్చి అక్షరాలు కక్కుతుంది. రెండోది బొమ్మ అక్షరాల పద్ధతి. అక్షరాన్ని చుక్కలుగా విడగొట్టి బొమ్మలా పంపుతుంది, తడిసిన కాగితం మీద సిరా అక్షరాల్లా కనిపిస్తుంది. కంప్యూటరు చదవదు, మన కన్నే చదవాలి. మూడోది మా మరిది పద్ధతి, నత్తనడక మోర్సు, అక్షరాలన్నీ చుక్కలూ గీతలే. ఒక్క చుక్క ఆరు సెకన్లు, ఒక్క గీత పద్దెనిమిది సెకన్లు. తెర మీద చిన్న గీతా పెద్ద గీతా మెల్లగా పాకుతూ వస్తాయి. నాలుగక్షరాల మాటకి దాదాపు నాలుగు నిమిషాలు. ఆలోగా నేను పాలు కాచి దింపేదాన్ని.

ఈ మూడింట్లో ఏది గొప్పదో తేల్చుకోవాలని అన్నదమ్ముల పంతం. మరిది అక్కడ పవరు తగ్గించుకుంటూ పంపుతాడు, ఏది చివరిదాకా అందుతుందో ఈయన ఇక్కడ చూస్తారు. మూడు ఆదివారాలైనా తేలలేదు. ఆ మూడు ఆదివారాలూ నేను రోట్లో రుబ్బాను.

"రోటి పిండి రుచే వేరే," అన్నారు మా ఆయన తెర మీంచి చూపు తిప్పకుండా.

"అయితే వచ్చి రుబ్బండి, ఇంకా రుచిగా ఉంటాది," అన్నాను.

మూడో ఆదివారం కాఫీ ఇవ్వడానికి వెళ్తే, ఆయన తెర చూసి గట్టిగా చదువుతున్నారు. "బెంగళూరు టెస్టు, హెబ్బగోడి నుంచి! చూసినావా, ఎంత తక్కువ పవర్లో కూడా వచ్చె!"

నేను తొంగి చూశాను. నాకు ఇంగ్లీషు రాదు. బస్సు బోర్డులు చూసి అక్షరాలు మాత్రం గుర్తుపడతాను. తెర నిండా కొక్కేలు, నక్షత్రాలు, ఎక్కడో ఒక టి.

"హెబ్బగోడి యాడుండాది ఇందులో? వేలు పెట్టి చూపించండి."

"నీకు ఇంగ్లీషు రాదు కదమ్మా."

"రాకపోబట్టే ఉండేది ఉండేట్టు కనిపిస్తాండాది. ఏమొస్తాదో మీకు ముందే తెలుసు, లేనిది కూడా చదువుతాండారు."

ఆయన వేలు పైకెత్తారు, ఎక్కడ పెట్టాలో తెలీక గాల్లోనే ఆపేశారు. ముందు రోజే ఇద్దరూ ఫోన్లో ఏం పంపాలో అనుకుంటారు మరి. ఎవరి పద్ధతి వాళ్ళకి స్పష్టంగా కనబడక ఏమవుతుంది!

అప్పుడే పందెం కట్టాను. "వచ్చే ఆదివారం మాటలు మీరు కాదు, మా చెల్లెలు చెప్తాది. తెర చదివేది నేను. ఏదో ఒకటి తేలితే ఫ్యూజు బోర్డు వదిలి రాకూడదు."

"తేలకపోతే?"

"మళ్ళీ ఫ్యూజు ఊసెత్తను. జన్మలో."

ఆయన నవ్వుతూ చెయ్యి కలిపారు. చెల్లెలంటే మా తోటికోడలు. పదో తరగతి పాసైంది, ఫోన్లో చెప్తే విరగబడి నవ్వింది.

ఆ ఆదివారం ఆమె ఇంట్లో మొగుడికి మూడు తెలుగు మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో పంపమని చెప్పి, బస్సెక్కి మా ఇంటికి వచ్చేసింది. పని పదకొండుకల్లా అయిపోతుందని నమ్మి నేను వడలకి మినప్పప్పు నానబోసుకుని కూర్చున్నాను. మరిది పవరు తగ్గించాడు, ఇంకా తగ్గించాడు. పీఎస్‌కేలో పూరీ అని వచ్చింది. బొమ్మ అక్షరాల్లో పాయసం. నత్తనడకలో కోసంబరి, మన వడపప్పే, అది వచ్చేసరికి పక్కింట్లో భోజనాలయిపోయాయి. ఆ రోజు ఆకాశం నిమ్మళంగా ఉందేమో, మూడూ వచ్చాయి. నేనే అక్షరం అక్షరం చదివాను, తోటికోడలు అవునంది. అంతకంటే పవరు తగ్గించడానికి మరిది దగ్గర మీట లేదు.

"మూడూ పాసే," అన్నారు మా ఆయన జేబు తట్టుకుంటూ. "ఏమీ తేలలేదే. పాపం, ఇంక ఊసెత్తకూడదు నువ్వు."

పప్పు గిన్నె వైపు చూశాను. పన్నెండున్నర. జన్మంతా ఆదివారాలు రోటి ముందే! అప్పుడు నాకు ఏం తోచిందో ఏమో, లేచి వంటింట్లోంచి మిక్సీని ఎత్తుకొచ్చి కంప్యూటరు బల్ల కింద పెట్టాను. ఇంట్లో కరెంటున్న ప్లగ్గు అక్కడే కదా.

"ఏమే, ఏందది?"

"మిక్సీ."

"అది తెలుస్తాంది, ఈడికి ఏంటికి?"

"ఇంట్లో గోల లేకుండా మూడూ పాసైనాయి. గోలలో ఏది నిలుస్తాదో చూద్దాము. పందెం ఈ ఆదివారానికి కదా, ఆదివారం ఇంకా ఉండాది."

"సరిగ్గా చెప్పినావక్కా!" అంటూ తోటికోడలు హాల్లోకి పరుగెత్తి, ఫోను చేసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మొగుడికి మూడు కొత్త మాటలు చెప్పింది.

పప్పు వేసి మీట నొక్కాను. గర్ర్‌మంది మిక్సీ. పీఎస్‌కే మొదలైంది, తెర మీద ఒక్క అక్షరం నిలబడలేదు, అన్నీ కొక్కేలే. మా ఆయన మొహం వాడిపోయింది. బొమ్మ అక్షరాలు వచ్చాయి, బొగ్గు పులిమినట్టు తెరంతా నలుపు. తర్వాత నత్తనడక. తెర నిండా మిక్సీ గోల ఇసుకలా రాలుతోంది. మిక్సీ ఆపి జారులో ఒకసారి గరిటెతో కలిపాను, మళ్ళీ తిప్పాను. చూస్తూ చూస్తూ ఉంటే ఆ ఇసుక మధ్యలోంచి సన్నగా, దారప్పోగులా ఒక చిన్న గీత బయటికొచ్చింది. ఇంకొకటి. ఇంకొకటి. తర్వాత ఒక పొడుగుది.

"మూడు చిన్నవి, ఒకటి పెద్దది!" అని అరిచాను. పిండి చేత్తోనే గోడకున్న మోర్సు పట్టీ మీద వెతికాను. వి. ఆ పట్టీ మీద పిండి మరక చివరిదాకా అలాగే ఉండిపోయింది. తర్వాత ఏ. తర్వాత డి. మా ఆయన పంతం మర్చిపోయి నా భుజం మీదుగా వంగారు, "పిసినారిలాగా చిన్న గీతలు, ఎట్లా నిలబడతాండాయి చూడు!" అంటూ. మళ్ళీ ఏ వచ్చేసరికి జారులో పిండీ వెన్నలా అయింది.

"వడ!" అన్నాను.

"వడే!" అంది తోటికోడలు, పొట్ట పట్టుకుని నేల మీద కూలబడి నవ్వుతూ. "నిన్న ఫోన్లో వడలు చేస్తానంటివి కదక్కా, ఈ గోలలో మర్చిపోతావని పంపించినా!"

మా ఆయన స్టూలు తెచ్చుకుని, ఎక్కి, జేబులోంచి ఫ్యూజు తీసి బోర్డులో గుచ్చారు. వంటింట్లో ఫ్రిజ్జు మూలిగింది. అంత తీయటి మూలుగు నేను మళ్ళీ వినలేదు.

రేడియో కట్టేసి బస్సు పట్టుకున్న మరిది మూడింటికి వచ్చాడు. చెప్పులు విప్పకముందే అడిగాడు: "ఎవరు గెల్చిరి వదినా, అన్ననా నేనా?"

"నేను," అన్నాను పళ్ళెంలో నాలుగు వడలు వేస్తూ. "కూర్చోప్పా, నువ్వు పంపించిందే. వేడిగా ఉండాది, తిను."