నేను దాచిపెట్టిన ఆట

అమెరికాలో సాకర్‌కి ఆదరణ పెరిగిందని ఈ మధ్య అందరూ తెగ మురిసిపోతున్నారు. పెరిగిన మాట నిజమే. అది ఎలా పెరిగిందో పన్నెండేళ్ళపాటు ఒకే లంచ్ టేబుల్ దగ్గర కూర్చుని చూసినవాణ్ణి కాబట్టి నాకా మురిపెం లేదు.

2002లో నేను ట్రాయ్ అనే కార్ల కంపెనీల ఊళ్ళో ఉద్యోగంలో చేరాను. కారు సీటు ముందుకీ వెనక్కీ జరగడానికి కింద పట్టాలుంటాయే, వాటిని తయారుచేసే కంపెనీ. మొదటి వారంలోనే మా టీమ్ లీడ్ భోజనాల దగ్గర నన్ను ఏ ఆట చూస్తావని అడిగాడు. సాకర్ అన్నాను. బొల్లారంలో పుట్టినవాడు ఇంకేమంటాడు? మా వీధిలో బ్యాటు లేని ఇల్లుండేది గాని బంతి లేని ఇల్లుండేది కాదు. ఇంజనీరింగ్ కాలేజీ జట్టుకి నాలుగేళ్ళు లెఫ్ట్ బ్యాక్‌గా, అంటే వెనక వరసలో ఎడమవైపు కాపలాగా, ఆడాను. కుడి మోకాలి కింద ఆరు కుట్లున్నాయి. అవన్నీ చెబుదామని నోరు తెరిచేలోగా అతను శాండ్‌విచ్ పక్కన పెట్టి మరీ నవ్వాడు.

"మా దగ్గర అది పిల్లలకి షూ లేసు కట్టుకోవడం వచ్చేదాకా ఆడించే ఆట" అన్నాడు. "గంటన్నర పరుగెత్తి సున్నా-సున్నా!" అన్నాడు ఎదురుగా ఉన్నవాడు. టేబులంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఇన్నేళ్ళలో నాకు అన్నిటికన్నా అసహ్యం కలిగించేది ఆ నవ్వే.

ఆ టేబుల్ దగ్గర ఆటలకీ అంతస్తులుండేవి. పై అంతస్తులో వాళ్ళ ఫుట్‌బాల్, అంటే కోడిగుడ్డు ఆకారం బంతిని చంకన పెట్టుకుని ఒకరి మీద ఒకరు పడే ఆట. అందులో బంతి కదిలే సేపు కన్నా ట్రక్కుల ప్రకటనలు నడిచే సేపే ఎక్కువ. ఆ కింద చలికాలంలో ఐస్ హాకీ, ఎండాకాలంలో బేస్‌బాల్, మధ్యలో బాస్కెట్‌బాల్. సాకర్‌కి మెట్ల కింద కూడా చోటు లేదు. నా గ్రీన్ కార్డ్ కాగితాల మీద సంతకం పెట్టాల్సిందేమో ఆ టీమ్ లీడే. నలుగురితో పాటు నారాయణా అనుకున్నాను.

మనకి తెలిసిన పద్ధతి ఒకటే కదా. ఎంసెట్‌కి చదివినట్టు చదివాను. పొడుగు నోట్‌బుక్ కొని వాళ్ళ ఫుట్‌బాల్ నియమాలు రాసుకున్నాను. పాత మ్యాచ్‌లు టేపుల మీద రికార్డు చేసి, పాత ప్రశ్నపత్రాల్లా తిరగేశాను. రెండేళ్ళలో ఆ టేబుల్ దగ్గర అందరికన్నా ఎక్కువ అంకెలు చెప్పగలిగేవాణ్ణి నేనే. వాళ్ళు నన్ను మెచ్చుకునేవాళ్ళు. కానీ మ్యాచ్ రోజున ఇంటికి పిలిచింది ఒక్కసారే. ఆ రోజు కూడా నేను తినగలిగింది చిప్స్ ఒక్కటే.

మా అమ్మాయికి ఏడేళ్ళు వచ్చేసరికి, ఆ ఊళ్ళో మనవాళ్ళ పిల్లలందరూ సాకర్‌లో చేరారు. ఆట మీద ప్రేమతో కాదు. శనివారం పొద్దున గంటలో అయిపోతుంది, పెద్దగా దెబ్బలు తగలవు, సాయంత్రం కూచిపూడి క్లాసుకి అడ్డం రాదు. బెల్లం చుట్టూ చీమల్లా పిల్లలందరూ బంతి చుట్టూ మూగేవాళ్ళు. గట్టు మీద మడతకుర్చీల్లో తల్లిదండ్రులు బంతి ఎటు పోయినా "గుడ్ జాబ్!" అని అరిచేవాళ్ళు. సీజన్ చివర గెలిచినవాళ్ళకీ ఓడినవాళ్ళకీ ఒకటే సైజు కప్పు. దీన్ని ఆట అనడానికి నాకు మనసొప్పేది కాదు.

ఆఫీసు వాళ్ళు కూడా పిల్లల్ని తీసుకుని అదే మైదానానికి వచ్చేవాళ్ళు. నేను కార్లోనే కూర్చునేవాణ్ణి.

"అట్ల కార్ల కూసునుడెందుకు? గా కుర్చీ తెచ్చుకోని గట్టు మీద కూసోరాదు?" అనేది మా ఆవిడ.

ఒకరోజు ఆట అయ్యాక అమ్మాయి చెమటతో వెనక సీట్లోకి ఎక్కి, "నాన్నా, ఈ గేమ్ నీకు తెలుసా?" అని అడిగింది.

"ఇది గూడ ఒక ఆటేనా తల్లీ? చిన్నపిల్లల కాలక్షేపం" అన్నాను. టీమ్ లీడ్ మాటల్నే తెలుగులో పెట్టి నా కూతురికి ఇచ్చాను.

కోచ్ తనని లెఫ్ట్ బ్యాక్‌గా నిలబెట్టాడు. ఆట రానివాళ్ళని వెనక్కి నెట్టడం అక్కడి తెలివి. తను బంతినే చూస్తూ నిలబడేది. వెనక నుంచి ఎవరొస్తున్నారో భుజం మీదుగా ఒక్కసారి తిరిగి చూసుకోవాలని ఎవరూ చెప్పలేదు. ప్రతి శనివారం అదే తప్పు, ప్రతి శనివారం అటువైపు నుంచే గోల్. అద్దం లోంచి అంతా కనిపించేది. ఒక్క మాట చెబితే సరిపోయేది. నేను అద్దం దించలేదు.

పదకొండో ఏట తనే మానేసింది. ఎందుకంటే, "ఇట్స్ ఫర్ లిటిల్ కిడ్స్ కదా" అంది. సరేనన్నాను. ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో కూడా నాకు తట్టలేదు.

ఆ తర్వాత గాలి మారింది. శనివారం పొద్దున్నే బార్లు తెరిచి ఇంగ్లండ్ మ్యాచ్‌లు చూపించడం మొదలైంది. సున్నా-సున్నా అని నవ్విన పెద్దమనిషి "నిల్-నిల్" అనడం నేర్చాడు. వాడు పుట్టింది ఈ పక్కనే ఉన్న ఫ్లింట్‌లో, యాస మాత్రం లండన్‌ది. 2014 వేసవికల్లా, వరల్డ్ కప్ వచ్చేసరికి, మా టీమ్ లీడ్ ముచ్చెమటలు పోస్తున్నా మెడలో జట్టు రంగుల ఉన్ని స్కార్ఫ్ వేసుకుని తిరుగుతున్నాడు. ఏ ఎండకా గొడుగు పట్టడం నా ఒక్కడికే వచ్చనుకున్నాను. వీళ్ళ ముందు నేనెంత? నేను రెండేళ్ళు కష్టపడి రాసుకున్న నోట్‌బుక్ గరాజ్‌లో బూజు పట్టింది.

అమెరికా మ్యాచ్ ఉన్న ఒక ఆదివారం సాయంత్రం టీమ్ లీడ్ అందరినీ కుటుంబాలతో ఇంటికి పిలిచాడు. మా ఆవిడకి తలనొప్పిగా ఉంటే, నేనూ అమ్మాయీ సమోసాల ట్రే పట్టుకుని వెళ్ళాం. తనకప్పుడు పదిహేనేళ్ళు. మ్యాచ్ మధ్యలో లైన్స్‌మన్ జెండా ఎత్తగానే టీమ్ లీడ్ నా వైపు తిరిగాడు. మొదటి వారంలో నేనిచ్చిన జవాబు అతనికి గుర్తే లేదు.

"మీది క్రికెట్ కదా, నీకిది అర్థం కాదులే" అని బల్ల మీద ఉప్పు డబ్బా, మిరియాల డబ్బా, మస్టర్డ్ సాస్ సీసా వరసగా పెట్టి నాకు ఆఫ్‌సైడ్ బోధించడం మొదలుపెట్టాడు. బంతి అందుకునేటప్పుడు గోల్ కొట్టబోయే మిరియాల డబ్బా, కాపలా ఉన్న ఉప్పు డబ్బాని దాటి ఉండకూడదట. తప్పు. చూడాల్సింది బంతి అందుకున్నప్పుడు కాదు, తన జట్టువాడు పాస్ ఇచ్చిన క్షణంలో. బొల్లారంలో ఏడేళ్ళవాడు కూడా చెబుతాడు. నేను "అలాగా" అని తల ఊపాను. గ్రీన్ కార్డ్ వచ్చి అప్పటికి నాలుగేళ్ళు. తల ఊపాల్సిన పని ఇక లేదు. అయినా మెడ తన అలవాటు మానలేదు.

"నో, పాస్ ఇచ్చినప్పుడు చూడాలి" అంది నా పక్క నుంచి మా అమ్మాయి ఇంగ్లీషులో, మిరియాల డబ్బాని వెనక్కి జరిపి మళ్ళీ ముందుకి నడిపిస్తూ. అందరూ ఓహో అన్నారు.

"ఎవరు నేర్పారు నీకు?" అన్నాడు టీమ్ లీడ్.

"నోబడీ" అంది. "ఆన్‌లైన్‌లో చూసి నేర్చుకున్నా. మా నాన్నకి సాకర్ తెలీదు."

చివరి నిమిషంలో అమెరికా గోల్ తిని గెలవాల్సిన మ్యాచ్ డ్రా చేసుకుంది. స్కార్ఫులన్నీ దిగాలుగా సోఫాలో కూలబడ్డాయి. నాకు జాలి కలగలేదు. తన జవాబే చెవిలో తిరుగుతోంది.

తిరుగు దారిలో సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు చెప్పేశాను. బొల్లారం, కాలేజీ జట్టు, లెఫ్ట్ బ్యాక్, ఆరు కుట్లు. కార్లోంచి తన తప్పు ప్రతి శనివారం నాకు కనబడేదని కూడా చెప్పాను. గొప్పలు పోయినట్టు కాక, తప్పు ఒప్పుకున్నట్టే చెప్పాననుకున్నాను.

"ఇప్పుడు ఎందుకు చెప్తున్నావ్ నాన్నా?" అంది తను. "ఇప్పుడు ఎవ్రీబడీకి ఇష్టం కాబట్టా?"

వెనక కారువాడు హారన్ కొట్టాడు. సిగ్నల్ ఎప్పుడు పచ్చబడిందో చూసుకోలేదు. గాలి మారినప్పటి నుంచీ ఆ టేబుల్ దగ్గర ఒక్కొక్కణ్ణీ నిలదీసి అడగాలని నేను దాచుకున్న ప్రశ్న అదే.