లంకలో దొరికిన పెంకు

పుదుచ్చేరిలో వాన వెలిశాక అరియాంకుప్పం ఏటి వంతెన దాటుతుంటే బురద వాసన వస్తుంది. నాకు మా తాత గుర్తొస్తాడు.

అక్కడ ఏరు రెండు పాయలై ఒక చిన్న లంకను చుట్టుకుంటుంది. జాలర్ల ఇళ్లు, కొబ్బరిచెట్లు, వాటి వెనక ఏనాడో ఓడల్లో వచ్చిన వర్తకులు కట్టుకున్న ఇటుకగోడల పునాదులు. వానకు మట్టి కరిగితే పాతకాలపు పూసలు బయటపడేవి. ఎనిమిదేళ్లప్పుడు పూసల కోసం వెళ్లిన నాకు ఏవో అక్షరాలు గీసిన కుండపెంకు దొరికింది.

మా ఇంట్లో మాట తెలుగు, చదువు తమిళం. ముత్తాత రాసిన తెలుగు కాగితాలు పెట్టెలో ఉండేవి గానీ, చదవగలిగేవాళ్లు లేరు. అందుకే ఎవరూ చదవలేని రాతంతా తెలుగే అనుకునేదాన్ని.

"తాతా, మన అచ్చరాలు," అన్నాను.

తాత పెంకును పంచె కొంగుతో తుడిచాడు. "మనోళ్లు అప్పుడే ఈడికొచ్చినారు పాపా," అని దేవుడి గూట్లో పెట్టాడు. రోజూ దానికి కుంకుమ బొట్టు పెట్టేవాడు.

ఆ వేసవిలో నెల్లూరు నుంచి వచ్చిన అత్త నాకు తెలుగు రాయడం నేర్పింది. గుణింతాలు పూర్తయిన రోజే పెంకు దించి చూశాను.

"ఏం రాసుండాది?" అంటూ తాత పక్కన కూర్చున్నాడు.

"ఇది తెలుగు కాదు తాతా."

ఆయన పెంకును నా చేతిలోంచి తీసుకుని లేచాడు. మర్నాడు గూట్లో పెంకు లేదు.

ముత్తాత కాగితాలు చదివిపెడతానని ఎన్నిసార్లు అడిగినా తాత పెట్టె తెరవలేదు. "ఉండనీలే పాపా," అనేవాడు. అవి కూడా మనవి కావంటానేమోనని.