వాసన చూడని గులాబీ

గులాబీల్లో ఒక కొత్త రకాన్ని నేను సృష్టించాను. ఈ మాట ఎవరితో అన్నా మొదట నా ముఖం చూస్తారు, తరువాత నా ఉద్యోగం అడుగుతారు. బ్యాంకులో లెక్కలు తనిఖీ చేసేవాణ్ణని చెప్పగానే వారి అనుమానం తీరి, చిరునవ్వు మొదలవుతుంది. ఆ రకం ఏ జాబితాలోనూ లేదు. ఏ నర్సరీలోనూ దొరకదు. అయినా అది పుట్టిన మాట నిజం. 1998 జనవరి మొదలు మరుసటి ఏడు మార్చి వరకు రాజమండ్రిలో మా ఇంటి డాబా మీద సాగిన ఆ వ్యవహారం యావత్తూ తేదీలతో సహా నా డైరీల్లో ఉంది. రాసుకోవడం నా అలవాటు. అడగకపోవడం లోకం అలవాటు.

వ్యవహారానికి మూలం మా ఆవిడ జడ.

అప్పటికి మా డాబా మీద తొంభై కుండీల గులాబీలుండేవి. అన్నీ కడియం నుంచి బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చినవే. ఎరుపు, పసుపు, తెలుపు, రెండు రంగులు కలిసినవి. ఒక్కొక్క పువ్వు కాఫీ సాసరంత. సాయంత్రం ఐదున్నరకు నేను పైన వాటికి నీళ్లు పోస్తూ ఉండగా కింద గేటు దగ్గర పూలమ్మి కేక వేసేది. మా ఆవిడ చేతిలో చిల్లరతో దిగి వెళ్లి, వేసవైతే మల్లెలూ, చలికాలమైతే చామంతులూ మూరెడు కొనుక్కుని వచ్చేది. పైన తొంభై కుండీలు, కింద మూరెడు పూల బేరం. ఈ రెండింటినీ ఒకే ఇంటి జమాఖర్చుల్లో చూపించడం నావంటివాడికి ఎంత కష్టమో వృత్తిలో ఉన్నవారికే తెలుస్తుంది.

ఒకసారి అడిగేశాను. "పైన ఇన్ని పూలుండగా కొనడమేమిటి?"

"మీ గులాబీలు పెళ్లిచూపులకొచ్చిన పెళ్లికొడుకుల్లా ఉంటాయండీ," అంది. "దూరాన్నుంచి దివ్యంగా ఉంటాయి. దగ్గరికెళ్తే ఏమీ లేదు."

"ఏమీ లేకపోవడమేమిటి?"

"వాసనేదండీ? కాగితం పువ్వు పెట్టుకుంటే వానకైనా తడవదనుకోవచ్చు. దీనికా సుఖమూ లేదు."

పెళ్లయిన పదహారేళ్లలో నా డాబా మీది పువ్వు ఒక్కటి కూడా ఆమె తలకెక్కలేదన్న సంగతి నేను ఆనాడే గమనించాను. ఆమె అబద్ధం చెప్పలేదు. నేను తెచ్చిన పెద్ద పూల రకాలకు వాసన లేదు. వాసన ఉన్నది ఒక్కటే, పెరట్లో నూతి గట్టు పక్కన ఎవరూ పట్టించుకోకుండా పెరిగే నాటు గులాబీ. దాన్ని మా వైపు పన్నీరు గులాబీ అంటారు. పరిమళానికి లోటు లేదు గానీ, కోసిన గంటకే మెడ వాల్చేస్తుంది. జడలో పెట్టుకుని వీధి చివరి దాకా వెళ్తే తొడిమ మాత్రమే తిరిగి వస్తుంది. కనుక ఒకదాని నిలకడ, రెండోదాని వాసన కలిపి ఒక పువ్వు తయారు చెయ్యాలని సంకల్పించాను. మల్లెపూలు కొనడం మానిపించాలని కాదు. నేను పెంచిన పువ్వొకటి ఆమె తలలో చూడాలి, అంతే. ఈ మాట ఆమెతో అనలేదు. శాస్త్రీయ ప్రయోగమని చెప్పాను.

పద్ధతి పుస్తకాల్లో చదివితే సులభం. తల్లిగా ఎంచుకున్న ఎర్ర గులాబీ మొగ్గ రేపు విచ్చుకుంటుందనగా ఈ రోజే దాని రేకులు వలిచెయ్యాలి. లోపలి కేసరాలను ట్వీజరుతో ఒక్కొక్కటే పెరికెయ్యాలి. లేకపోతే దాని పుప్పొడి దాని మీదే రాలి ప్రయోగం అక్కడే ముగుస్తుంది. మర్నాడు నాటు గులాబీ పుప్పొడిని కుంచెతో అద్ది, తేనెటీగలు ముట్టకుండా బటర్ పేపరు సంచి తొడగాలి. పుప్పొడిని ఫిల్ము రీలు డబ్బాలో దాచాను. కుంచె మా అమ్మాయి రంగుల పెట్టెలోది.

ఆ రోజుల్లో మా అత్తగారు కోనసీమ నుంచి వచ్చి మా దగ్గరే ఉంటున్నారు. వడియాలు ఎండబెట్టడానికి డాబా ఎక్కిన ఆవిడ, రేకులన్నీ పోయి బోడిగా నిలబడ్డ పద్నాలుగు మొగ్గల్ని చూసి వడియాల పళ్లెం కింద పెట్టేశారు.

"పువ్వు విచ్చుకోకుండానే గుండు చేసేశారేంటి అల్లుడుగారూ? ఏమన్నా మొక్కుకున్నారా?"

"సంకరం చేస్తున్నానండి. ఇది తల్లి, నూతి దగ్గరిది తండ్రి."

ఆవిడ నూతి వైపు తొంగి చూశారు. "ఆ బక్కాడా?" అన్నారు. "పిల్ల తరఫువాళ్లు ఒప్పుకున్నారా?"

పద్నాలుగు మొగ్గల్లో కాయ నిలిచినవి మూడు. మే నెలలో అవి పండాయి. మూడింటిలోనూ కలిపి ఇరవై ఆరు గింజలు వచ్చాయి. గులాబీ గింజ చలికాలం గడిచిందని నమ్మితే గాని మొలకెత్తదు. గోదావరి ఒడ్డున ఆ నమ్మకం కలిగించడానికి ఫ్రిజ్ తప్ప మార్గం లేదు. తడి ఇసుకలో కలిపి, ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, పైన 'తినరాదు' అని రాసి, పెరుగు గిన్నె వెనక ఉంచాను. ఆ వేసవిలో మేము ఉడికిపోతూ విసనకర్రలతో విసురుకుంటుంటే ఇరవై ఆరు గింజలు మాత్రం చల్లగా విశ్రాంతి తీసుకున్నాయి. అత్తగారు మజ్జిగ కోసం ఫ్రిజ్ తెరిచినప్పుడల్లా, "ఈ ఇంట్లో సుఖపడుతున్నది వీళ్లేనే," అని కూతురితో అనేవారు.

వానలు తగ్గాక విత్తాను. మొలిచినవి ఐదు. మూడింటిని కుళ్లు తీసుకుపోయింది. మిగిలిన రెండింటిలో ఒకటి 1999 జనవరిలో జానెడు ఎత్తున మొగ్గ తొడిగింది. రెండోది ఏమీ తొడగలేదు, చివరి దాకా అదే క్రమశిక్షణ పాటించింది.

విచ్చుకున్న పువ్వు రూపాయి బిళ్ల కంటే కాస్త పెద్దది. తల్లి ఎరుపు కాదు, తండ్రి గులాబీ కాదు. నాలుగైదు ఉతుకులు చూసిన ఎర్ర రవిక రంగు. తల్లి నుంచి పరిమాణం ఆశించాను, ముళ్లు వచ్చాయి. కాని వంగి ముక్కు దగ్గర పెట్టుకుంటే వాసన ఉంది. నూతి గట్టు దగ్గరి వాసనే, దానికి మరి కాస్త పదును చేరింది. రెండో రోజుకీ మెడ వాల్చలేదు, మూడో రోజుకీ వాల్చలేదు. ఆ మూడు రోజులూ ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం వాసన చూసి మార్కులు వేశాను. కొలవనిదాన్ని ఉందని చెప్పడం నాకు చేతకాదు.

నాలుగో రోజు శుక్రవారం. స్నానం చేసి, పువ్వు కోసి, కిందికి తెచ్చాను. మా ఆవిడ దేవుడి గదిలో దీపం వెలిగిస్తోంది. నేను దోసిట్లో పట్టుకున్న పువ్వును చూసి లేచి నిలబడింది.

"పూసిందా?" అంది. ఆ గొంతులో ఉన్నది సంతోషమే, నేను పొరపాటు పడలేదు. "మొదటి పువ్వు కదండీ. స్వామికి పెట్టి నేను పెట్టుకుంటాను. ఇలా ఇవ్వండి."

రెండు చేతులూ చాచింది. సరిగ్గా అప్పుడే వంటింటి గుమ్మంలోంచి అత్తగారు, ఏ దురుద్దేశమూ లేకుండానే, "వాసన ఉందా బాబూ?" అన్నారు.

"ఉందండి," అన్నాను. "పొద్దున్న పదికి ఏడు, మధ్యాహ్నం ఐదు, సాయంత్రం మళ్లీ ఆరు."

మా ఆవిడ చేతులు వెనక్కి వెళ్లిపోయాయి.

"చూశారా?" అంది.

"ఏమిటి?"

"వాసన చూసేశారా? వాసన చూసిన పువ్వు దేవుడికెలా పెడతామండీ?"

ఈ నియమం నాకు తెలియనిది కాదు. పుట్టినప్పటి నుంచి వింటున్నదే. మా అమ్మ నా చిన్నప్పుడు పూలబుట్ట మీద నా తల వంగితే వీపు మీద ఒకటి ఇచ్చేది. తెలిసిన నియమమే నా ప్రయోగానికి వర్తిస్తుందని మాత్రం తోచలేదు.

"పోనీ, దేవుడికి వద్దు," అన్నాను. "నీకోసమే తెచ్చాను. నువ్వు పెట్టుకో."

"కొత్త చెట్టు మొదటి పువ్వు దేవుడికి పెట్టకుండా నేను పెట్టుకోనా? బాగానే ఉంది!"

వాదించాను. నాకంటే ముందు ఒక తేనెటీగ ఆ పువ్వులో తల దూర్చి, చాలాసేపు ఉండి వెళ్లిందని, దాని అపచారం ముందు నాది ఎంతని అడిగాను. మా ఆవిడ క్షణం తడబడింది. అత్తగారు తడబడలేదు.

"తేనెటీగ మార్కులు వెయ్యదుగా బాబూ," అన్నారు.

తీర్పు అయిపోయింది. పువ్వును గ్లాసులో పెట్టి టీవీ మీద ఉంచారు. అక్కడది మరో రెండు రోజులు నిలిచి, తన జాతి లక్షణాన్ని నిరూపించింది. వచ్చిన ప్రతివారూ వంగి వాసన చూశారు. ఇక ఆంక్షలేమీ లేవు కదా.

రెండో మొగ్గ ఫిబ్రవరి నెలాఖరుకు తల ఎత్తింది. మొదటిదాని కంటే లావుగా ఉంది. అప్పుడు మొక్క పెంపకం నా చేతిలోంచి జారిపోయిన సంగతి అర్థమైంది. తెల్లపురుగు కనిపించి మందు కొడదామంటే మా ఆవిడ కుండీకి అడ్డం నిలబడింది.

"దేవుడికి పెట్టే పువ్వుకి పురుగుల మందు కొడతారా?"

"కొట్టకపోతే పువ్వే ఉండదు."

"వేపాకు నానబెట్టిన నీళ్లు చల్లండి. స్వామికీ వేపాకు పడుతుంది."

చల్లాను. అది చాలదన్న భయంతో రోజూ ఉదయం భూతద్దంతో పురుగుల్ని వెతికి, ట్వీజరుతో ఏరాను. మొగ్గ దగ్గరకు ముఖం వెళ్లినప్పుడల్లా వెనక నుంచి "ఊపిరి!" అని హెచ్చరిక వినపడేది. ముక్కు మూసుకుని పురుగులు ఏరిన ఉద్యానవేత్త నేను తప్ప మరొకరు ఉండరు. రెండు మార్లు ఆ మొగ్గ రక్షకపత్రాల అంచున నల్లబడితే, ఇది విచ్చుకోదేమోనని ఆఫీసులో కూడికలు తప్పాయి. ఎండలు ముదురుతున్నాయి. బలహీనమైన మొలక, ఈ పువ్వు పోతే మరొకటి ఇస్తుందన్న హామీ లేదు.

మొగ్గ రేకు చీలిన సాయంత్రం మా ఆవిడ పైకి వచ్చింది. నా సరంజామాలోంచి బటర్ పేపరు సంచి ఒకటి తీసి, మొగ్గకు తొడిగి, దారంతో కట్టింది.

"తేనెటీగల కోసమా?" అన్నాను.

"కాదు," అంది. "మీకోసం."

శుక్రవారం ఉదయం నేను స్నానం చేసి, తడి తువ్వాలు ముక్కుకు అడ్డం కట్టుకుని, సంచి విప్పాను. పువ్వు పూర్తిగా విచ్చి ఉంది. నిండైన పువ్వు. అయినా సాసరంత కాదు; అరచేతి గుంటలో సరిపోతుంది. కత్తెరతో కాక చేత్తో తుంపమన్నారు కనుక ముళ్లు గుచ్చుకున్నాయి. పళ్లెంలో పెట్టి, చెయ్యి దూరంగా చాచి, మెట్లు దిగాను. దారిలో ఏ వాసనా నాకు తగలలేదు. తువ్వాలుకున్న సబ్బు వాసన తప్ప.

మా ఆవిడ స్వామి పాదాల దగ్గర పెట్టి, హారతి ఇచ్చి, కళ్లు మూసుకుని చాలాసేపు నిలబడింది. అంతసేపు ఏమి కోరిందో తెలియదు. తరువాత పువ్వు తీసుకుని, కళ్లకద్దుకుని, అద్దం చూడకుండానే జడలో ఎడమవైపు తురుముకుంది. ఆ పని మూడు సెకన్లు కూడా పట్టలేదు. నాకు పద్నాలుగు నెలలు పట్టింది.

"వాసన వస్తోందా?" అన్నాను.

"వెనకాలుందండీ, నాకెలా తెలుస్తుంది?" అంది. అటు తిరిగి, తల కాస్త వంచింది. "ఇప్పుడు పర్వాలేదు. మీరే చూసి చెప్పండి."

ఒక అడుగు వేశాను. హాల్లో అత్తగారు బియ్యం ఏరుతూ, కళ్లజోడు పైనుంచి మా వైపే చూస్తున్నారు. భార్య జడ దగ్గర ముఖం పెట్టడం శాస్త్రీయ పరిశీలన అని ఆవిడకు నచ్చజెప్పగల భాష నా దగ్గర లేదు.

"సాయంత్రం చూస్తాను," అని బ్యాంకుకు వెళ్లిపోయాను.

సాయంత్రానికి జడలో తొడిమ మాత్రమే ఉంది. రేకులు మధ్యాహ్నం పడుకున్నప్పుడు రాలిపోయాయట. అంటే తండ్రి పోలికా తప్పలేదు.

మర్నాడు ఉదయం నేను పేపరు చదువుతుండగా అత్తగారు ఇంట్లో దిండు గలీబులన్నీ లాగి చాకలి మూటలో వేస్తున్నారు. మా ఆవిడ దిండు దగ్గరకు వచ్చేసరికి లోపలి గదిలో మాటలు వినిపించాయి.

"అది ఉండనీ అమ్మా."

"ఏం? మాసింది. మూటలో వెయ్యి."

"మాసిపోతే మాసిపోనీ. వచ్చే వారం వేద్దాం."

"ఏముందే దాన్లో?"

కాసేపటికి అత్తగారు మూట పట్టుకుని హాల్లోకి వచ్చారు. పేపరు వెనక ఉన్న నన్ను ఒకసారి చూసి, గొంతు సవరించుకుని, "అల్లుడుగారూ, ఆ మొక్కకి ఇంకో మొగ్గ వచ్చిందేమో చూశారా?" అన్నారు.