మాస్టారి బరువుకు కుట్టిన రెక్క

కొత్త నైలాన్ గుడ్డ విప్పితే గరగరమని ఒక చప్పుడొస్తుంది. మొన్న రాజమండ్రిలో రెయిన్‌కోటు కొంటూ అది విన్నాను. మాస్టారు గుర్తొచ్చారు.

భీమవరం ఇంజనీరింగ్ కాలేజీలో మాకు మెకానికల్ పాఠాలు చెప్పేవారాయన. భారీ మనిషి, గొంతూ అంతే. తొంభైల చివర్లో ఆయనకు పారాగ్లైడర్ పిచ్చి, అంటే గుడ్డ రెక్కకు వేలాడుతూ ఎగిరే పిచ్చి, పట్టింది. ఒక్క మనిషి ఎగిరే రెక్క, కొత్తవాళ్ళ మొద్దు రకమూ పందేలవాళ్ళ పొగరుబోతు రకమూ కాకుండా మధ్యరకంది, సొంతంగా గీసి కుట్టాలని పట్టుదల. ఎక్కడెక్కడో తిరిగి సంపాదించిన నైలాన్ గుడ్డ ఒక్క రెక్కకే వస్తుంది. తన బరువుకు తగ్గట్టు గీతలు గీసుకున్నారు. ఈలోగా ఒక పాత రెక్కతో కాలేజీ మైదానంలో ఆయనా నేనూ నేల మీదే, గాలికి రెక్కను నిలబెట్టడం సాధన చేసేవాళ్ళం.

ఒకరోజు నన్ను రొయ్యల కాటా మీద నిలబెట్టారు, హెల్మెట్, బూట్లు, పట్టీలు అన్నీ తగిలించి. అంతకుముందే వాళ్ళింట్లో కడుపునిండా అన్నం పెట్టించారు. ఖాళీ కడుపుతో ఎవరూ ఎగరరు కాబట్టి ఆ బరువూ లెక్కలోకి రావాలట! రొయ్యలవాళ్ళు ఒకటే నవ్వు. సిగ్గుతో చచ్చినంత పనైంది నాకు. మర్నాడు చూద్దును కదా, తన గీతలు చెరిపేసి నా బరువుకు చిన్న రెక్క గీస్తున్నారు. అది మీకు పనికిరాదు కదండీ అన్నాను. బరువైన మనిషి చిన్న రెక్కకు వేలాడితే వేగంగా వచ్చి నేలకు కొట్టుకుంటాడని నేర్పింది ఆయనే.

“గాలి నీ చేతికి లొంగింది అమ్మాయ్, నాకింకా లొంగలేదు. ముందు నువ్వు ఎగురు. నాది తర్వాత కుట్టుకుందాం.”

రెక్క కుట్టడం అయ్యాక, కోరుకొండ అవతల ఒక గుట్ట మీంచి ఎగిరాను. కింద పొలం గట్ల మీద మాస్టారు నా నీడ వెంట పరిగెత్తుతున్నారు. దిగాక రొప్పుతూనే అడిగారు, “పైన ఎలా ఉందమ్మా?”

బావుందండీ అన్నాను, అంతే. ఇప్పుడైతే గంటసేపు చెబుదును. ఎగరడం గురించి ఆ మనిషి కింద నుంచి పైకి చూసి తెలుసుకున్నదే తప్ప ఇంకేమీ ఎరగరు.

ఆ వానాకాలమే గుండెపోటుతో పోయారు. ఆయన తెప్పించుకున్న రెండో గుడ్డ దినాలయ్యాక వచ్చింది. ఆయన కొలతలు నీకే తెలుసు, నువ్వే కుట్టమ్మా అని వాళ్ళావిడ నా చేతిలో పెట్టారు.

కుట్టాను, సరిగ్గా ఆయన బరువుకే. ఇప్పుడు నా దగ్గర ఎగరడం నేర్చుకునేవాళ్ళలో అంత ఒళ్ళున్న కుర్రాళ్ళూ వస్తుంటారు. ఆ రెక్క నాకు సరిపోతుందా మేడమ్ అని అడుగుతారు.

నిజానికి సరిపోతుంది. సరిపోదు నాయనా అని అబద్ధం చెబుతాను.