తేమ ఉందన్న మాట

నిరుడు పాల్వంచ బస్సులో నా పక్కన కూర్చున్న ఆమెకు అరవై ఏళ్లుంటాయి. ఒళ్లో ఎండుమిర్చి సంచి. నేను పేపర్లో మిర్చి ధర చూస్తుంటే, "ఎంతున్నది తమ్మీ?" అంది. బాగా పెరిగిందని చెప్పాను.

మూడేళ్ల కింద ఇలాగే పెరిగిందని మా ఊరంతా మిర్చే వేసింది. పంట చేతికొచ్చేసరికి ధర పడిపోయింది. పెరగడం, పడటం ఒక చక్రమని, దానంతటదే సర్దుకుంటుందని పుస్తకాల్లో చదివాను. సర్దుకునేలోపే మా అన్న ప్రాణం తీసుకున్నాడు. ఎందుకో ఆమెకది చెప్పాను.

ఆమె ఒళ్లోని సంచిని దగ్గరికి లాక్కుంది.

"మా ఆయన సరుకూ గట్లనే పాయె. మిర్చి కొనే సేటు ఒక కాయ ఇరిచి, తేమున్నదని నేలకు కొట్టిండు. సగం ధరకే తీసుకున్నడు. ఈ ఏడు అందరూ మిర్చి ఇడిస్తే నేనేసిన. ఇప్పుడు సరుకు దొరుకుతలేదు. వాడే మా కల్లంలకు వచ్చిండు."

"ఇచ్చినవా అమ్మా?"

ఆమె సంచిలోంచి ఒక కాయ తీసి విరిచింది. ఫట్‌మని విరిగి గింజలు చీరమీద రాలాయి.

"తేమున్నది సేటూ, పో అని చెప్పిన. వాడి కండ్ల ముందట్నే ఇంకోడికి అమ్మిన."

నవ్వింది. జూలూరుపాడులో దిగిపోయింది.

ఈ ఏడు మా ఊళ్లో మళ్లీ అందరూ మిర్చే వేశారు. నేను వేయలేదు. ధర పడుతుంది, అందరూ మానేస్తారు. అప్పుడు వేస్తాను. అన్న సరుకునూ తేమ ఉందని సగం ధరకే కొన్నవాడు ఇంకా అదే కొట్లో కూర్చుంటున్నాడు. నాకు తొందర లేదు.