పెదనాన్న జీపీఎస్ విప్పిన ఆదివారం

మా కాలనీలో ఎవరి ఫోన్‌కి ఛార్జింగ్ ఎక్కకపోయినా, ఎవరి టీవీలో బొమ్మ రాకపోయినా ముందు మా గేటే కొడతారు. మేముండేది పెందుర్తిలో. వారంలో ఐదు రోజులు రుషికొండలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీకి వెళ్లి, వేరేవాళ్లు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టుకోవడం నా ఉద్యోగం. మిగిలిన రెండు రోజులూ నా బల్ల నాది. దాని మీద స్క్రూడ్రైవర్లు, సోల్డరింగ్ ఐరన్, మల్టీమీటర్, సగం విప్పిన ఫోన్లు ఉంటాయి. అమ్మ ఇల్లంతా తుడుస్తుంది గానీ ఆ బల్ల జోలికి రాదు. కానీ బజార్లో చేపలమ్మేటప్పుడు మాత్రం కొనేవాళ్లతో, "మా పాప బాగు సేత్తాది, తెచ్చియ్యండి" అని చెప్పి, సాయంత్రం ఎవరిదో ఒక ఫోన్ సంచిలో వేసుకొస్తుంది. నా దగ్గరికొచ్చే ఫోన్లలో సగం చేపల వాసనేస్తాయి.

మాది సముద్రంలో చేపల వేట మీద బతికిన కుటుంబం. నాన్న చిన్నప్పుడే వేట మానేసి పోర్టులో పనికి చేరాడు. ఆయన అన్న, అంటే మా పెదనాన్న, అరవై దాటినా ఇంకా ఇంజను పడవేసుకుని సముద్రంలోకి వెళ్తూనే ఉన్నాడు. ఒక ఆదివారం పొద్దున్నే ఆయన తువ్వాల్లో చుట్టిన వస్తువొకటి తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. విప్పి చూస్తే, పడవలో దారి చూపించే జీపీఎస్.

"సచ్చిపోనాదమ్మా," అన్నాడు. "అల మీద పడిపోనాది. అప్పట్నించీ ఎలగట్నేదు."

హార్బర్ దగ్గర షాపులో చూపించాడట. ఇంత ఉప్పు పట్టాక బాగవడం కష్టమన్నారట. కొత్తది కొనేశాడు కూడా.

"మరి దీంతో పనేంటి పెదనాన్నా?"

"కొత్తదాన్లో ఏటుంది? కాళీ. నా గుర్తులన్నీ దీన్లోనే ఉన్నాయి."

గుర్తులంటే ఏమిటో నాకు చిన్నప్పట్నుంచీ తెలుసు. నీళ్ల కింద పారలుంటాయి, అంటే రాతి గుట్టలు. వాటి చుట్టూ చేపలు చేరతాయి. ఎప్పుడో మునిగిన ఓడల ముక్కలుంటాయి. వాటి మీద వల వేస్తే చిరిగి చేతికొస్తుంది. తాత ఆ చోట్లని ఒడ్డు మీది కొండనీ లైట్‌హౌస్‌నీ ఒక గీతలో పెట్టి చూసి గుర్తుపట్టేవాడు. పెదనాన్న అది నేర్చుకున్నాడు, ఆ తర్వాత ఈ మిషనూ నేర్చుకున్నాడు. పాత చోట్లకి వెళ్లినప్పుడూ, కొత్త చోటు దొరికినప్పుడూ బటన్ నొక్కి దాచుకున్నాడు. ఇంగ్లీషు చదవడం రాదు కాబట్టి పేర్లు పెట్టలేదు, బొమ్మలు పెట్టాడు. చేపలు పడే చోట చేప బొమ్మ, వల చిరిగే చోట పుర్రె బొమ్మ. పదహారేళ్ల వేట అందులో ఉంది.

విప్పాను. లోపల బోర్డు మీద పచ్చగా చిలుం పట్టి ఉంది. మెత్తటి బ్రష్‌ని స్పిరిట్‌లో ముంచి, చిప్పుల ఒక్కొక్క కాలూ తుడుచుకుంటూ వచ్చాను. పెదనాన్న కుర్చీ లాక్కుని పక్కనే కూర్చున్నాడు. వల బాగుచేసేవాణ్ణి ఇంకో వేటగాడు చూసినట్టు నా వేళ్ల వైపే చూస్తున్నాడు. ఎండలో ఆరబెట్టి కరెంటిచ్చాను. తెర వెలగలేదు. కానీ లోపల్నుంచి "కీచు"మని చిన్న శబ్దం వచ్చింది.

"బతికే ఉంది పెదనాన్నా. తెర ఒక్కటే పోయింది."

"తెర నేకపోతే ఎలాగ సూత్తాం?"

"మనం చూడక్కర్లేదు. కంప్యూటర్ అడిగితే అదే చెప్తుంది."

వెనకాల కంప్యూటర్‌కి కలిపే గుండ్రటి సాకెట్ ఉంది. దానికి సరిపోయే కేబుల్ ఇప్పుడు ఎక్కడా దొరకదు. డబ్బాలోంచి పాత వైర్లు తీసి నేనే ఒకటి చేసి, లాప్‌టాప్‌కి తగిలించాను. ఏమీ రాలేదు. ప్రోగ్రాం మార్చాను, మళ్లీ ఏమీ రాలేదు. అమ్మ టీ తెచ్చింది, అది చల్లారిపోయింది. చివరికి అనుమానం వచ్చి, పంపే వైరునీ అందుకునే వైరునీ అటుదిటూ ఇటుదటూ మార్చి అతికాను. అంతే, లాప్‌టాప్ తెర మీద అంకెలు జలజలా పడ్డాయి. రెండువందల పద్నాలుగు గుర్తులు. నేను లేచి ఒక్క అరుపు అరిచాను. వంటింట్లోంచి అమ్మ పరిగెత్తుకొచ్చింది, షాక్ కొట్టిందనుకుని.

ఆ అంకెల్ని మ్యాప్ మీద పెట్టడానికి అప్పటికప్పుడు చిన్న ప్రోగ్రాం రాశాను. సముద్రం మీద చుక్కలన్నీ వచ్చాయి. ఎంత గర్వంగా లాప్‌టాప్ ఆయన వైపు తిప్పానో! పెదనాన్న ముందుకు వంగి, ఒడ్డు గీత వెంట వేలు పోనిచ్చి, చాలాసేపు చూశాడు.

"ఇది నా సముద్రం కాదమ్మా."

"అదేంటి?"

"ఇది పూడిమడక ఎదర. నాను ఆడికెప్పుడెల్లాను? మనోళ్లెవుళ్లూ ఆడ వల ఎయ్యరు."

మిషన్ తప్పు చెప్పదు పెదనాన్నా అనబోయి ఆగాను. ఉద్యోగంలో నేను రోజూ వేరేవాళ్లకి చెప్పేది గుర్తొచ్చింది: ముందు నీ ప్రోగ్రాం చూసుకో. చూసుకున్నాను. గంటకి అరవై నిమిషాలున్నట్టే, మ్యాప్ లెక్కలో డిగ్రీకీ అరవై నిమిషాలే. నేను తొందరలో వంద అన్నట్టు లెక్క కట్టేశాను. స్కూల్లో నేర్చుకున్న విషయం! తప్పుల్ని పట్టుకునే ఉద్యోగం చేసే నా తప్పుని, బడి ముఖం చూడని మనిషి పట్టుకున్నాడు. సిగ్గేసింది. సిగ్గు కంటే ఎక్కువ సంతోషమేసింది.

ఒక్క లైను మార్చి మళ్లీ చూపించాను. చుక్కలన్నీ ఉత్తరానికి జరిగి విశాఖ ఎదర నిలబడ్డాయి. పెదనాన్న మొహం మారిపోయింది.

"ఇదిగో, ఇది వంజరం పార. ఇది సూడు, ఈడ మీ నాన వల సింపేశాడు, ఆడు కుర్రోడప్పుడు. ఇది నాకూ దేవుడికీ తప్ప ఎవుళికీ తెల్దు."

"నాకూ తెలిసింది కదా ఇప్పుడు?"

"నువ్వు సెప్పవులే," అని నవ్వాడు.

గుర్తులన్నీ, బొమ్మలతో సహా, కొత్త జీపీఎస్‌లోకి ఎక్కించాను. తీసుకెళ్లే ముందు లాప్‌టాప్ వైపు చూపించి అడిగాడు: "నీ డబ్బాలో ఇంకా ఉన్నాయా నా గుర్తులు?" ఉన్నాయన్నాను. చెరిపెయ్యమన్నాడు. ఒక నకలు ఉంటే మంచిదని చెప్పి చూశాను, ఒప్పుకోలేదు. ఆయన చూస్తుండగానే చెరిపేశాను.

మూడు రోజులు వేటకి వెళ్లాడు. ఆఫీసులో ఉన్నా నా మనసు అక్కడే. లెక్కలో ఇంకే పొరపాటైనా ఉంటే వల పోతుంది. నాలుగో రోజు మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. వెనకాల హార్బర్ గోల, ఎవరో పాట పాడుతున్నారు.

"పాపా, సరిగ్గా పార మీదకే తీసుకెల్లి నిలబెట్టింది. ఒక్క పడవ పొడుగు తేడా నేదు!"

పక్కనెవరో, "ఎవులు బావా సేసింది?" అని అడగడం వినబడింది. పెదనాన్న ఫోన్ పక్కకి తియ్యకుండానే గొంతెత్తి చెప్పాడు: "మా తమ్ముడి కూతురు. కంపెనీలో పెద్ద పని. మా గుంట." మా వైపు ఆడపిల్లని ముద్దుగా అలాగే అంటారు. లంచ్ డబ్బా ముందు పెట్టుకుని నేను ఒక్కదాన్నే నవ్వుకుంటూ ఉంటే, ఎదుటి కుర్చీలో అమ్మాయి ఏమైందని అడిగింది. మొదట్నుంచీ చెప్పాను, వైర్లు తిప్పి అతికిన దగ్గర కాస్త ఎక్కువే చెప్పాను.

ఆ తర్వాత మా గేటు దగ్గర ఫోన్లతో పాటు జీపీఎస్‌లు కూడా రావడం మొదలైంది. ఒక పడవ ఆయన వచ్చినప్పుడు ఇంకో పడవ ఆయన రాకూడదు. ఎవరి గుర్తులు వాళ్లకే రహస్యం. అందుకే ఒక్కొక్కరికీ ఒక్కో టైమ్ ఇస్తాను. పనవ్వగానే వాళ్లముందే చెరిపేస్తాను. ఒక పెద్దాయన చెరిపాక కూడా లాప్‌టాప్ మూసేదాకా కదల్లేదు.

రెండు నెలల తర్వాత పెదనాన్న కొత్త జీపీఎస్ పట్టుకుని ఒంటరిగా వచ్చాడు. మిషన్ బాగానే ఉందట. చొక్కా జేబులోంచి పెన్‌డ్రైవ్ తీసి నా చేతిలో పెట్టాడు. షాపులో ఏం కొనాలో అడిగి మరీ తెచ్చాడట.

"మళ్లీ దీన్లోకి తియ్యి. నీకాడ ఉంచు."

"నకలొద్దన్నావుగా?"

"ఒద్దన్నాను. ఇప్పుడు ఉంచమంటన్నాను. నాకూ దేవుడికీ తోడు నీకూ తెలిసుండాల," అన్నాడు.

తీసి నా దగ్గర దాచాను. ఈసారి రెండువందల పద్దెనిమిది ఉన్నాయి. కొత్త నాలుగూ చేప బొమ్మలే.